మెడికేర్ మూతపడుతోందట, మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్

"మెడికేర్ 2033లో మూతపడుతుంది. పనిచేయని వికలాంగులు, ఇండియా నుంచి దిగిన ముసలివాళ్ళు దాన్ని ఊరికే తినేస్తున్నారు. ప్రైవేటు కంపెనీలకు అప్పజెప్పి తలా ఒక వోచర్ ఇస్తే పీడ వదులుతుంది." మెడికేర్ అంటే 65 దాటినవాళ్ళకు, కొందరు వికలాంగులకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. అమెరికాలో తెలుగువాళ్ళ గ్రూపు ఏది తెరిచినా ఈ మెసేజే. పంపేవాళ్ళలో అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు చేయించినవాళ్ళు కూడా ఉన్నారు!

పథకం తెచ్చింది కెనెడీ అని కూడా రాశారు. 1965లో సంతకం పెట్టింది అధ్యక్షుడు జాన్సన్. సరే, పోనివ్వండి.

2033 అనే అంకె మెడికేర్ నిధుల లెక్క చూసే ట్రస్టీల 2025 నివేదికలోదే. కాకపోతే అది ఆస్పత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ నిధికి సంబంధించింది. నిల్వ అయిపోయినా జీతాల్లో కోసే పన్ను ఆగదు కాబట్టి 89 శాతం చెల్లింపులు జరుగుతాయని అదే నివేదిక చెబుతోంది. డాక్టరు ఫీజుల పార్ట్ బి ప్రీమియంలతో, ఖజానా డబ్బుతో నడుస్తుంది, దానికి ఈ గడువే లేదు. 11 శాతం లోటు చిన్నదేం కాదు, కాంగ్రెస్ పూడ్చాల్సిందే. అంతమాత్రాన మూతపడటం ఎలా అయింది?

ఇక్కడ పనిచేయని మన తల్లిదండ్రులకు 65 దాటినా, గ్రీన్‌కార్డుతో వరసగా 5 ఏళ్ళు ఉంటేగాని అర్హత రాదు. వచ్చాక కూడా 2025 లెక్కన పార్ట్ ఎ కి నెలకు 518 డాలర్లు, పార్ట్ బి కి 185. ఊరికే!

వికలాంగుల మాటకు మాత్రం నాకు ఒళ్ళు మండింది. వీళ్ళలో ఎక్కువమంది ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ పనిచేసి, పన్ను కట్టినవాళ్ళు. ఆ వైకల్యం కనీసం ఏడాది ఉంటుందనో, ప్రాణం తీస్తుందనో రుజువు చేయాలి. ప్రభుత్వమిచ్చే డిసేబిలిటీ డబ్బు మొదలవడానికి 5 నెలలు, అక్కణ్ణుంచి మెడికేర్‌కు 24 నెలలు. మొత్తం 29 నెలలు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు రోగులకు ఈ ఎదురుచూపు లేదు, డయాలిసిస్ వాళ్ళకు మామూలుగా నాలుగో నెలలో మొదలవుతుంది. మిగతావాళ్ళు వెన్ను విరిగినా, చూపు పోయినా ఆగాల్సిందే. పని ఎగ్గొట్టాలనుకునే సోమరి ఇంత కష్టమైన దారి పడతాడా? అంత పట్టుదల ఉంటే ఉద్యోగమే చేసుకునేవాడు కదా! 1972లో వీళ్ళను మెడికేర్‌లో చేర్చిన చట్టంపై సంతకం చేసింది రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్.

ఇక వోచర్, అంటే ప్రైవేటు ఇన్సూరెన్స్ మీరే కొనుక్కోండని చేతిలో పెట్టే సొమ్ము. 1965కు ముందు ఈ దేశంలో వృద్ధుల్లో దాదాపు సగం మందికి ఆస్పత్రి ఇన్సూరెన్స్ లేదు. ప్రైవేటు కంపెనీలు అప్పుడూ ఉన్నాయి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అసలు మెడికేర్‌లో డాక్టరు బిల్లులో 20 శాతం మనమే కట్టాలి, దానికి గరిష్ఠ పరిమితే లేదు. పళ్ళకు, కళ్ళజోళ్ళకు మామూలుగా పైసా రాదు. అందుకే దాని బదులు ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకునేవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఆ ప్లాన్లు వైద్యానికి ముందస్తు అనుమతి నిరాకరించిన కేసుల్లో 13 శాతం మెడికేర్ నియమాల ప్రకారం ఇవ్వాల్సినవేనని 2022లో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ తేల్చారు. ఆ రోగులు అప్పీలు చేసుకోవడానికి కనీసం ఆ నియమాలున్నాయి. వోచర్ చేతిలో పెట్టాక ఏ నియమం చూపించి అడగాలో మెసేజ్ రాసినాయన చెప్పలేదు.