నాలుగో టక్కు

మా ఇంట్లో కంప్యూటర్ చెడిపోలేదు. నేను బాగుచేశాను, అంతే. ఈ రెండిటికీ తేడా ఏమిటో మా ఆవిడ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ కాఫీతో పాటు వడ్డిస్తోంది.

2012లో కొన్న డబ్బా అది. చేసిన పాపమల్లా ఒకటే, ఫ్యాను మిక్సీలా రొద పెట్టడం. రోహిణి కార్తె, బెజవాడ, ఆదివారం మధ్యాహ్నం. బయట అడుగు పెడితే చెప్పు తారుకి అంటుకుపోయే వేళ. చేతిలో స్క్రూ డ్రైవరుంది, మా ఆవిడ నిద్రపోతోంది. ఇక అడ్డేముంది?

మూత తీయగానే పన్నెండేళ్ళకు పైబడిన దుమ్ము, ఒక బొద్దింక పార్థివదేహం, ఓ మూల రెండు బల్లి గుడ్లు. డబ్బా మొత్తాన్నీ ఇన్నాళ్ళూ సీపీయూ అంటూ వచ్చాం కదా, అసలు సీపీయూ లోపల అగ్గిపెట్టెకన్నా చిన్న బిళ్ళ అని, దాని నెత్తిన అల్యూమినియం రేకుల గుత్తీ, దాని మీద ఫ్యానూ ఎక్కి కూర్చుంటాయని అప్పుడే తెలిసింది. దుమ్మంతా ఆ రేకుల సందుల్లోనే ఉంది. పెయింటు బ్రష్షుతో పైపైన దులిపి మూసేస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ పని చేస్తే నికరంగా చేయాలని మా నాన్న చిన్నప్పుడు నేర్పారు. ఫ్యాను ఊడదీశాను. ఊపు మీద ర్యామనే మెమరీ పట్టీనీ పీకాను, గుండ్రటి బ్యాటరీ బిళ్ళా పీకాను, వైర్లన్నీ పీకాను. ముందుగా ఓ ఫొటో తీసుకుందామన్న ఆలోచన అన్నీ పీకాక వచ్చింది.

ఫ్యాను కింద బూడిదరంగు మడ్డి ఎండిపోయి కనిపించింది. ఛీ, ఎంత మురికి అనుకుని బనీను గుడ్డతో తళతళా తుడిచేశాను. అది మురికి కాదుట. బిళ్ళలో పుట్టే వేడిని రేకులకి చేరవేసే పేస్టుట. సందు చివర షాపువాడు చిన్న సిరంజిలో వేరే పేస్టిచ్చి, "బియ్యపు గింజంత చాలు సార్" అన్నాడు. అంత డబ్బు పెట్టి కొన్నది గింజంతా? దోశ మీద ఎర్రకారం పట్టించినట్టు పట్టించాను.

ఫ్యానుకి నాలుగు ప్లాస్టిక్ కాళ్ళు. ఒక్కొక్క దాన్నీ బొటనవేలితో బలంగా నొక్కితే బోర్డు కన్నంలోకి దిగి టక్కుమంటుంది. నేల మీద గొంతుక్కూర్చుని, పళ్ళు బిగించి నొక్కాను. టక్. టక్. టక్. నాలుగోది మొండికేస్తే కాస్త పైకి లేచి ఒంటి బరువంతా వేశాను. టక్. నాలుగూ నా చెవులతో నేను విన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

ఆన్ బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. గంటసేపు కుస్తీ పట్టి, విసుగొచ్చి పక్కనున్న చిన్న రీసెట్ బటన్ నొక్కితే లేచింది. రెండిటి వైర్లూ ఒకదాని చోట ఇంకోటి పెట్టానన్న మాట. లేచింది కదా అని సంతోషించేలోగా బీప్ బీప్ మంటూ ఏడుపు. ర్యాము సరిగ్గా కూర్చోలేదు. దాని పసుప్పచ్చ పళ్ళని మావాడి రబ్బరుతో రుద్ది, రెండు చివర్లా గొళ్ళేలు పడేదాకా నొక్కితే ఏడుపు ఆగింది. తెర మీద తారీఖు చూస్తే 2012 జనవరి 1. బ్యాటరీ పీకేసరికి డబ్బా పుట్టిన ఏడాదికి పోయింది. ఏ వెబ్‌సైటు తెరిచినా గడియారం తప్పుందని గోల. మా డబ్బా లెక్క ప్రకారం రాష్ట్రం ఇంకా విడిపోలేదు, నాన్న ఇంకా రిటైర్ కాలేదు.

తారీఖు దిద్దాను. ఫ్యాను చప్పుడు లేదు. హాయిగా ఉంది. సరిగ్గా ఏడు నిమిషాలు. తెర నల్లబడి డబ్బా ఆగిపోయింది.

మళ్ళీ వేస్తే రెండు నిమిషాలకే పోయింది. అక్కణ్ణుంచి ఇల్లంతా డాక్టర్లే. వైరస్ అన్నాడు మావాడు. పక్కింటాయన లుంగీ ఎగగట్టుకుని వచ్చి, చూడకుండానే "ఎస్‌ఎంపీఎస్ పోయిందండీ, లోపలికి కరెంటిచ్చే పెట్టె" అని తేల్చి వెళ్ళాడు. మా ఆవిడ నిద్ర లేచి, "విప్పకముందు బానే ఉంది కదండీ" అంది. ఎంత అన్యాయమైన మాట! నేను విండోస్ మీద అనుమానపడ్డాను. దాన్ని నేను ముట్టుకోలేదు కాబట్టి తప్పు దానిదే అయ్యుండాలి. కొత్తగా ఎక్కించడానికి కూర్చుంటే, ఏడో నిమిషానికి అదీ సగంలో ఆగింది. రెండోసారి మొదలెట్టబోతుంటే, "పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయి" అని మా ఆవిడ ప్లగ్గు పీకేసింది. అమ్మ "కొండ నాలుకకి..." అని ఎత్తుకుని, నా మొహం చూసి మిగతాది మింగేసింది.

నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఇంతసేపూ పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని వింటున్నారు. పేపరు మడిచారు.

"ఎంతసేపటికి ఆగుతోందిరా?"

"ఏడు నిమిషాలకి."

"వెంటనే స్టార్ట్ చేస్తే?"

"రెండు."

"చల్లారనిచ్చి చేస్తే?"

"మళ్ళీ ఏడు."

"హీటు," అని పేపరు మళ్ళీ తెరిచారు.

"నాన్నా, ఇది బస్సు కాదు."

"బస్సయితే పొగన్నా వచ్చేది. నీకు అర్థమయ్యేది."

స్టార్టయ్యేటప్పుడు డిలీట్ కీ నొక్కుతూ ఉంటే లోపలి వేడి చూపించే పేజీ వస్తుందని మావాడు కనిపెట్టాడు. అందరం తెర ముందు చేరాం. 58. 64. 71. భద్రాచలం దగ్గర గోదావరికి 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా డబ్బాకి ఆ మర్యాదలేం లేవు. 83. మావాడు కామెంటరీ మొదలెట్టాడు. 90. అమ్మ దణ్ణం పెట్టుకుంది. 97, 99... వంద దాటిందో లేదో తెర చీకటి. పాపం, కాలిపోకుండా తన్ను తాను ఆపుకుంటోంది. చేతకానివాడి చేతిలో పడ్డ యంత్రానికి ఆ మాత్రం తెలివుండాలి.

నాన్న కళ్ళజోడు సర్దుకుని టార్చి వేశారు. రెండు వేళ్ళతో ఫ్యానుని పట్టి కదిపారు. వదులు పన్నులా ఊగింది. నాలుగో కాలు కన్నం మీద ఊరికే ఆని ఉంది. రేకులు ఓ పక్క లేచి, కింద బిళ్ళకీ వాటికీ మధ్య వెంట్రుకవాసి ఎడం. ఇంత వేడికీ కారణం ఆ వెంట్రుకవాసే.

"నాలుగూ టక్కుమన్నాయి నాన్నా. ఒట్టు. నా చెవులతో విన్నాను."

"విన్నావులే," అన్నారు. పేస్టు చూసి మాత్రం ఊరుకోలేకపోయారు. "గ్రీజు పెట్టమంటే గారెల పిండి పెట్టావేంట్రా!" మొత్తం తుడిపించి, గింజంతే పెట్టించారు. ఆ కాలు తలమీద బాణం గుర్తు వేరే వైపుకి తిరిగి ఉంటే, దాన్ని మళ్ళీ సరిగ్గా తిప్పించారు. ఈసారి ఎదురెదురు మూలలు నొక్కమన్నారు, లారీ చక్రానికి నట్లు బిగించినట్టు.

మళ్ళీ గొంతుక్కూర్చున్నాను. ఇల్లంతా ఊపిరి బిగబట్టి వింటోంది. టక్. టక్. టక్. టక్. నాన్న నాలుగు వేళ్ళు చూపించి తల ఊపారు.

అమ్మయ్య అనుకుంటూ లేచి నిలబడ్డాను.

టక్.

అందరూ డబ్బా వంక చూశారు. తర్వాత నా మోకాలి వంక చూశారు.

"అదీ, నాలుగోది," అన్నారు నాన్న.