కిలో చేపకు కిలో ఐస్: మాల్దీవుల లోటు లెక్క

మలక్‌పేట మార్కెట్లో ఉల్లి మండితే ఢిల్లీ ఎగుమతులకు తాళం వేస్తుంది. 2023 డిసెంబరులో వేసింది. ఆ తాళం ఇంకా తీయకముందే, 2024 ఏప్రిల్‌లో, మాల్దీవులకు ఏడాది కోటాగా 35,749 టన్నుల ఉల్లి, 1,24,218 టన్నుల బియ్యం, 42.75 కోట్ల కోడిగుడ్లు కేటాయించాం. మాల్దీవులతో 1981లో కుదిరిన వాణిజ్య ఒప్పందం పుణ్యం. జనాభా ఐదు లక్షల పైచిలుకు, ఏటా వచ్చే పర్యాటకులు 20 లక్షలు. బియ్యం నుంచి ఇసుక దాకా కొనుక్కోవాల్సిన దేశానికి సరుకుల ఖాతాలో లోటు, అంటే ఎగుమతుల కన్నా దిగుమతులు ఎక్కువ కావడం, ఉండక ఏముంటుంది? దాన్ని చూపించి టీవీల్లో దివాలా అని అరవడం దండగ.

ఆ లోటు అంకె కూడా కాస్త ఉబ్బినదే. కస్టమ్స్ పద్దులో దిగుమతి విలువకు ఓడ కిరాయి, బీమా కలుస్తాయి, ఎగుమతికి కలవవు. మరోపక్క, రాజధాని మాలేలో విదేశీ విమానాలకు పోసే ఇంధనం పునరెగుమతి, అంటే కొన్నదాన్నే మళ్లీ బయటికి అమ్మడం, కింద ఎగుమతుల్లో చేరుతుంది. అదీ బయట కొన్నదే!

మాల్దీవుల కరెన్సీ రుఫియా విలువ తగ్గిస్తే లోటు దానంతటదే సర్దుకుంటుందని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. డాలరుకు 15.42 రుఫియాల దగ్గర కట్టేసి ఉంచడం కష్టమవుతున్న మాట నిజమే. కానీ అక్కడ రిసార్టు గది ధరా డాలర్లలోనే, చేప ధరా డాలర్లలోనే. రుఫియా పడితే పెరిగేది కిలో బియ్యం ధర.

అసలు చూడాల్సింది ఆ దేశపు ప్రధాన ఎగుమతి సరుకైన ట్యూనా చేపను. గాలంతో పట్టిన చేపను వెంటనే చల్లబరచకపోతే బ్యాక్టీరియా హిస్టమిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తుంది. ఒకసారి పుట్టాక వండినా, గడ్డకట్టించినా, డబ్బాలో పెట్టినా పోదు. కిలో చేపను 28 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి లెక్కప్రకారం పావుకిలో పైచిలుకు ఐస్ చాలు. ఉష్ణమండలపు ఎండలో కరిగిపోయేది కలిపితే కిలోకు కిలో పోయాల్సిందే. ఆ ఐస్‌కి నీళ్లు సముద్రపు ఉప్పు తీసినవి, కరెంటు డీజిల్ జనరేటర్‌ది. పడవా డీజిల్‌తోనే నడుస్తుంది. అంటే ఎగుమతి పద్దులోని ప్రతి చేప పొట్టలో కొంత దిగుమతి ఉంది. అంత కష్టపడి గడ్డకట్టించిన చేపలో చాలా భాగం థాయ్‌లాండ్‌లో చేపను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకు పోతుంది. డబ్బాలో పెట్టినందుకు వచ్చే లాభం అక్కడే మిగులుతుంది. సొంతంగా డబ్బా కట్టి యూరప్‌కు పంపుదామంటే 24 శాతం సుంకం. పేద దేశాల జాబితా నుంచి బయటపడ్డందుకు 2014లో సుంకం రాయితీ పోయింది.

నవ్వుకోకండి, మన ఆయిల్‌పామ్ కథా ఇదే. దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిది. 20 లక్షల ఎకరాల్లో సాగంటూ తెలంగాణ లక్ష్యం పెట్టుకుంది. గెలకూ చేపకూ జబ్బు ఒకటే, రెండూ ఆగవు. కోసిన 24 గంటల్లో మిల్లుకు చేరకపోతే ఆమ్లం పెరిగి నూనె చెడుతుంది, పండ్లు రాలిపోతాయి. లారీ ఎప్పుడొస్తుందో తెలియని రైతు పచ్చిగెల కోస్తాడు. నూనె శాతం ఒక్క పాయింటు పడితే టన్ను గెలలకు 10 కిలోల నూనె గల్లంతు, ఆ మేరకు గెల ధరకూ కోత. అయినా ఏ సమీక్షలో చూసినా ఎకరాల లెక్కలే. అశ్వారావుపేట రైతుకు మిల్లు పక్కనే ఉంది. మిగతా జిల్లాల్లో మొక్క ఇచ్చే రోజునే, నాలుగో ఏట గెల దిగాక ఆ తోట నుంచి మిల్లుకు ఎన్ని గంటల ప్రయాణమో కాగితం మీద రాసివ్వాలి.