చెట్టుకింత అని లెక్కగట్టి ఇస్తే ఉద్దానం లేవదు

తుఫాను తర్వాత కరెంటొస్తే, రోడ్ల మీద పడ్డ చెట్లు తీసేస్తే ఇక అంతా సర్దుకుందనుకుంటారు బయటివాళ్లు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టిన మాకు అసలు కష్టం అప్పుడే మొదలైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా కొబ్బరి, జీడి తోటలకు తోటలే నేలకూలి ఉన్నాయి.

పడిన చెట్టు లెక్కకైనా వస్తుంది. మా పెద్దనాన్న తోటలో నిలబడ్డ చెట్లే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి. గాలికి మొవ్వు, అంటే చెట్టు నడినెత్తిన ఉండే చిగురు, మెలి తిరిగి లోపల చీలింది. కొబ్బరికి ఉండేది ఒక్కటే మొవ్వు, అది పోతే పక్కనుంచి చిగురు రాదు. కొన్నాళ్లు పచ్చగానే కనిపించాయి. సంక్రాంతికి దింపు కూలీ ఒకతను ఎక్కి మొవ్వాకు పట్టుకుంటే ఊడి చేతికొచ్చేసింది, మొదలంతా కుళ్లు. నష్టం రాసుకునేవాళ్లు అప్పటికే వచ్చి వెళ్లిపోయారు.

పరిహారం చెట్టుకు 1,500 రూపాయలన్నారు, ప్రభుత్వం మారాక 3,000 చేశారు. ఇచ్చినందుకు సంతోషమే. కానీ చెట్టుకు ఏడాదికి అరవై కాయలు, కాయ పది రూపాయలని వేసుకున్నా 3,000 అంటే అయిదేళ్ల కాపు. దేశవాళీ మొక్క కాపుకు రావడానికే ఆరేడేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. పడిన మానులు కోయించి, మొదళ్లు పెకలించడానికే సగం డబ్బు కరిగిపోయె. 2013లో ఫైలిన్ తుఫానుకు చెట్లు పోయిన చోట నాటిన మొక్కలు రేపో మాపో గెల వేస్తాయనగా తిత్లీ వచ్చిపడింది. ఇలాంటి చోట ఒక్కసారి డబ్బిచ్చి చేతులు దులుపుకుంటే ఎలా?

చెట్టే లేనివాళ్ల సంగతి ఇంకా ఘోరం. దింపు తీసేవాళ్లు, పీచు పనివాళ్లు, జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లు. వీళ్ల బతుకూ ఆ తోటల మీదే, కానీ చెట్టు లెక్కన వీళ్లకొచ్చేది సున్నా. మా వీధిలో కుర్రాళ్లు సంచీ సర్దుకుని విశాఖ, చెన్నై వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలిన ముసలాళ్లలో కిడ్నీ జబ్బున్నవాళ్లు ఎంతమందో ఉద్దానం సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. డయాలసిస్‌కు వెళ్లే ఆటో కిరాయి, మందుల ఖర్చు కొబ్బరికాయల డబ్బుతోనే గడిచేవి. తోట పోతే వైద్యం కూడా ఆగుతుందని ఏ నష్టం జాబితాలోనూ రాయరు.

నేనడిగేది ఇదీ. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఏటా కొంత చొప్పున రైతుకు ఇవ్వండి. నష్టం లెక్క ఒకసారి కాదు, మూడు నెలలాగి మళ్లీ ఒకసారి రాయండి, నిలబడి చచ్చే చెట్లు అప్పుడే బయటపడతాయి. కొబ్బరి అభివృద్ధి బోర్డు బీమా పథకం ఒకటుంది. ప్రీమియంలో సగం బోర్డు, పావువంతు రాష్ట్రం, రైతు పెట్టుకోవాల్సింది పావువంతే. మా ఊళ్లో అడిగితే దాని పేరు విన్నవాళ్లే కనపడలేదు! ఊరూరా తిరిగి కట్టించాల్సిన బాధ్యత ఎవరిది? దింపు కూలీలు, పిక్కల పనివాళ్ల పేర్లు తుఫాను రాకముందే పంచాయతీలో రాసిపెట్టండి, వచ్చాక వెతుక్కోవడం కాదు. మన తీరానికి అక్టోబరు, నవంబరు ఎలాంటి నెలలో అందరికీ తెలుసు కాబట్టి ఈ పని వేసవిలోనే మొదలుపెట్టాలి.