బెల్ట్ కాదు, కిట్ కొనండి

మొన్న రాత్రి మా బాబాయి గారి అబ్బాయి ఫోన్ చేశాడు. వాడి దగ్గర ఫియట్ పుంటో అబార్త్ ఉంది, టర్బో ఇంజన్ బండి, 2016 మోడల్. ఇంజన్ భాగాలను ఒకే తాళంలో తిప్పే పళ్ల రబ్బరు పట్టీ, అంటే టైమింగ్ బెల్ట్, మార్చాల్సిన సమయం ఎప్పుడో దాటిపోయింది. "అన్నయ్యా, ఇక్కడ షాపులో 1,800కి బెల్ట్ ఉందంటున్నారు. పేరున్న కంపెనీ కిట్, అంటే బెల్ట్, రోలర్లు అన్నీ ఉన్నది అయితే, వాటర్ పంప్‌తో కలిపి 14 వేల దాకా అవుతోంది. ఆన్‌లైన్‌లో కెవ్లార్ రేసింగ్ బెల్ట్ అని ఇంకోటి కనిపించింది, నీలం రంగులో భలే ఉంది. పవర్ పెరగడానికి బండి కంప్యూటర్‌ని రీమ్యాప్ చేయించాను కదా, అదే వేయిస్తే మంచిదంటావా?" అని అడిగాడు.

అరగంట మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక కూడా మనసు కుదుటపడలేదు. ఫాస్ట్ కార్లు కొనుక్కున్న మన కుర్రాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇవే. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెబుతాను. నాది ఫియట్ లీనియా టీ-జెట్, మావాడి అబార్త్‌లో ఉన్న 1.4 టీ-జెట్ టర్బో ఇంజనే దీనిలోనూ ఉంది. 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు 58 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. పాత ఓనర్ ఫైల్ చాలా పద్ధతిగా ఉంచాడు. అందులో ఒక బిల్లు మీద 'టైమింగ్ బెల్ట్ మార్చబడింది' అని ఉంది. అది చూసి నిశ్చింతగా ఉన్నాను. ఆ బిల్లులో బెల్ట్ అనే ఒక్క మాటే ఉందని, బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పేరు గానీ పంప్ పేరు గానీ లేదని అప్పుడు గమనించలేదు.

తర్వాత ఇంకో 11 వేల కిలోమీటర్లు తిరిగాను. మే నెల, మిట్టమధ్యాహ్నం, హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నాను. సూర్యాపేట దాటాం, కోదాడ ఇంకా రాలేదు. అప్పటికి వారం రోజులుగా పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే కీచురాయి అరిచినట్టు సన్నటి చప్పుడు వచ్చేది, రెండు నిమిషాల్లో ఆగిపోయేది. ఆల్టర్నేటర్ బెల్ట్ అయ్యుంటుంది, ఊరెళ్లాక చూపిద్దాంలే అనుకున్నాను. హైవే మీద పెద్ద శబ్దం ఏమీ రాలేదు. ఇంజన్ ఉన్నట్టుండి మూగబోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైట్లన్నీ వెలిగాయి. వెనక లారీ హారన్ కొడుతుంటే ఎలాగో ఎడమ పక్కకు తీశాను. తాళం తిప్పితే స్టార్టర్ గిర్రున తిరిగింది, అడ్డేమీ లేనట్టు, ఖాళీ డబ్బా తిప్పినట్టు. ఆ శబ్దం ఒక్కసారి విన్నవాళ్లు మళ్లీ మరచిపోరు. ఇంజన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి, కంప్రెషన్, పోయిందని అర్థం.

బండిని లారీ మీద ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కి చేర్చాం. మేస్త్రి కవర్ విప్పి, బెల్ట్ తీసి నా చేతిలో పెట్టాడు. తెగలేదు! వెనక వైపు అచ్చు అక్షరాలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. కానీ ఒక అంచు పొడుగునా ఎలుక కొరికినట్టు అరిగిపోయి, లోపలి తెల్లటి దారాలు తువ్వాలు కుచ్చుల్లా వేలాడుతున్నాయి. ఒకచోట నాలుగైదు పళ్లు చెక్కేసినట్టు లేచిపోయాయి. తర్వాత టెన్షనర్ రోలర్ ఇచ్చి తిప్పి చూడమన్నాడు. తిరగలిలో ఇసుక పోసి తిప్పినట్టు గరగరలాడింది, వేళ్ల మధ్య పక్కకు ఊగింది కూడా. "బెల్ట్ కొత్తదే సార్. బేరింగ్ మాత్రం బండితో పాటు పుట్టింది. అది వంకర తిరిగి బెల్ట్‌ని పక్కకు తోసింది. అంచు అరిగింది, పళ్లు దాటేసింది" అన్నాడు.

ఇంజన్‌లోకి గాలిని రానిచ్చి పొగను వదిలే 16 వాల్వుల్లో 11 వంగిపోయాయి. హెడ్ దించడం, ఫేసింగ్, వాల్వులు, గైడ్లు, గ్యాస్కెట్లు, లేబర్ అన్నీ కలిపి 86 వేలు. సామాను కోసం ఐదు వారాలు ఎదురుచూశాను. ఆనాడు బెల్ట్‌తో పాటు రోలర్లు, పంప్ కూడా మార్చి ఉంటే ఇంకో ఏడెనిమిది వేలు అయ్యేదేమో.

అందుకే ఎవరైనా "చీప్ బెల్టా, ఖరీదైన బెల్టా" అని అడిగితే, ప్రశ్నే తప్పంటాను. బెల్ట్ ఒక్కటే ఏ పనీ చేయదు. దాని వెంట టెన్షనర్ ఉంటుంది, టీ-జెట్‌లో వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఆ బెల్టే. వీటిలో ఏ బేరింగ్ పట్టేసినా ఎంత గొప్ప బెల్ట్ వేసినా ఒకటే.

ఇంజన్ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. పిస్టన్లు తిప్పే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి, అదీ డిగ్రీ తేడా రాకుండా. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు సెకనుకి 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేసరికి వాల్వు దారి వదలాలి. టీ-జెట్ లాంటి ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లలో రెండూ ఒకే చోటును పంచుకుంటాయి, వేర్వేరు క్షణాల్లో. ఆ క్షణాలను విడదీసి ఉంచేది ఒక రబ్బరు పట్టీ. బెల్ట్ తెగినా వాల్వులకు ఏమీ కాని పాత ఇంజన్లు ఉన్నాయి. వాటికి చవక బెల్ట్ వేశామంటే నేను గొడవ పడను. రోడ్డు మీద ఆగిపోతుంది, ఇంకోటి వేసుకుంటారు. టర్బో ఉన్న 16 వాల్వుల ఇంజన్‌కి అలా కుదరదు.

ఇక రీమ్యాప్ సంగతి. "పవర్ పెంచాను, బెల్ట్ కూడా పవర్‌ఫుల్‌ది కావాలి" అని మావాడి లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, నిజం కాదు. అబార్త్ ఇచ్చే 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్లు పిస్టన్ నుంచి క్రాంక్‌కి, అక్కడి నుంచి ఫ్లైవీల్, క్లచ్, గేర్‌బాక్స్ మీదుగా చక్రాలకు పోతాయి. టైమింగ్ బెల్ట్ ఆ దారిలోనే లేదు. అది మోసేది వాల్వు స్ప్రింగుల బరువు, పంప్ బరువు. రీమ్యాప్‌తో టర్బో ఒత్తిడి (బూస్ట్) పెంచి 175 చేసినా స్ప్రింగులు అవే, క్యామ్‌లు అవే, ఆర్‌పీఎం లిమిట్ అదే అయితే బెల్ట్ మీద పడే భారం దాదాపు మారదు. గట్టి స్ప్రింగులు వేసి, వాల్వులను ఎక్కువ తెరిచే క్యామ్‌లు పెట్టి, ఆర్‌పీఎం హద్దు అయిన రెడ్‌లైన్‌ని పైకి జరిపినప్పుడు రేసింగ్ బెల్ట్‌కి అర్థం ఉంటుంది. గేట్స్ అనే బెల్టుల కంపెనీ వాళ్ల నీలం రేసింగ్ బెల్టులు పేరు తెచ్చుకున్నది అలాంటి పనిలోనే: మిత్సుబిషి 4జీ63, సుబారు ఈజే, టొయోటా 2జేజెడ్ లాంటి ఇంజన్లను విప్పి మళ్లీ కట్టి ట్రాక్ మీద తిప్పేవాళ్ల దగ్గర. వాటి గురించి నాకు గౌరవమే. కానీ మావాడు చూపించిన లిస్టింగ్‌లో పార్ట్ నంబర్ లేదు, ఏ ఇంజన్‌కో లేదు, తయారీదారు పేరు లేదు. నీలం రంగు ఒక్కటే ఉంది. రంగు ఎవడైనా వేస్తాడు.

మరి మంచి బెల్ట్ అంటే ఏమిటి? పాత రోజుల్లో నియోప్రీన్ రబ్బరుతో చేసేవాళ్లు. ఇప్పుడు మంచి కంపెనీలు వేడిని, నూనెను ఎక్కువ తట్టుకునే హెచ్‌ఎన్‌బీఆర్ అనే రబ్బరు వాడుతున్నాయి. దాని కడుపులో సాగని గ్లాస్ ఫైబర్ దారాలుంటాయి, పళ్ల మీద అరగని నైలాన్ గుడ్డ ఉంటుంది. చవక బెల్ట్ చేసేవాడు ఎక్కడ మిగుల్చుకుంటాడో మనకు కనబడదు, ఎందుకంటే మంచిదైనా, చవకదైనా బెల్ట్ పైకి నల్లగా ఒకేలా ఉంటుంది. కవర్ తీసి చూసి "పగుళ్లేమీ లేవు, ఇంకో ఏడాది నడుస్తుంది" అనే మెకానిక్‌ని నమ్మకండి. కొత్త రకం రబ్బరు పైకి నున్నగా ఉండగానే లోపల దారం అలసిపోతుంది. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఏళ్లు లెక్కపెట్టాలి. 42 డిగ్రీల ఎండలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర టర్బో పక్కనే ఉడికే బెల్ట్‌కి యూరప్ లెక్కలు వర్తింపజేయడం నాకు ఇష్టం ఉండదు. నేను మాన్యువల్‌లో చెప్పినదానికంటే ముందే మార్చేస్తాను.

ఫియట్‌కి బెల్టులతో బంధం ఈనాటిది కాదు. మార్కెట్లో అమ్మే కార్లలో టైమింగ్ బెల్ట్‌ని మొదట తెచ్చింది 1962లో జర్మనీ కంపెనీ గ్లాస్, తన 1004 మోడల్‌లో. నాలుగేళ్లకే ఫియట్ 124 స్పోర్ట్‌లో బెల్ట్‌తో తిరిగే ట్విన్ క్యామ్ (రెండు క్యామ్‌షాఫ్ట్‌ల) ఇంజన్ వచ్చింది. దాన్ని గీసిన ఆరేలియో లాంప్రెడి అంతకుముందు ఫెరారీకి ఇంజన్లు గీసినవాడు. తర్వాత ఫెరారీలే బెల్టులకు మారాయి. ఎఫ్355లో బెల్ట్ మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలి, అయినా దించి మార్చేవాళ్లు. ఆ వరస కార్లలో 2004లో వచ్చిన ఎఫ్430తో చైన్‌కి వెళ్లారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బెల్ట్ అంటే చవకబారు ఇంజన్ అని చిన్నచూపు చూసేవాళ్లు ఇంకా ఉన్నారు. బెల్ట్ తప్పు కాదు. వేళకి మార్చకపోవడం తప్పు.

అసలు కిట్ ఎక్కడ దొరుకుతుందన్నది మనకున్న ఇంకో బాధ. 2019 నాటికి ఫియట్ కార్లు ఇక్కడ ఆగిపోయాయి. అవి తయారైన పూణె దగ్గరి రంజన్‌గావ్ ఫ్యాక్టరీ ఇప్పుడు వేరే బండ్లు చేస్తోంది. కానీ ఇదే 1.4 టీ-జెట్ యూరప్‌లో అబార్త్ 500, 595 లాంటి కార్లలో ఏళ్ల తరబడి నడిచింది కాబట్టి గేట్స్, డేకో, కాంటిటెక్, ఐఎన్‌ఏ లాంటి వాళ్ల సరుకు ప్రపంచంలో ఉంది. కార్ల కంపెనీలకు బెల్టులు, బేరింగులు సప్లై చేసేది కూడా ఇలాంటివాళ్లే. బాక్స్ మీద కారు కంపెనీ లోగో ఉంటే ఒక ధర, సప్లయర్ సొంత పేరుంటే తక్కువ ధర. డబ్బు మిగుల్చుకోవాలంటే అక్కడ మిగుల్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పేరున్న బాక్స్‌లో డూప్లికేట్ పెట్టి అమ్మేవాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. బెల్ట్ మీద పార్ట్ నంబర్, తయారీ కోడ్ చదవండి, బాక్స్ మీద నంబర్‌తో పోల్చండి, రోలర్ మీద చెక్కిన పేరు చూడండి. బిల్లు ఇవ్వనంటే కొనకండి. బెల్ట్‌ని మడిచి రబ్బరు బ్యాండ్ వేసి ఇచ్చినా కొనకండి. అలా నలిగితే లోపల దారం అప్పుడే విరిగినట్టు.

లేబర్ దగ్గర కూడా బేరం వద్దు. టీ-జెట్‌లో వైట్‌నర్‌తో గుర్తు పెట్టుకుని పాత బెల్ట్ తీసి కొత్తది తొడిగేస్తే కుదరదు. క్యామ్‌షాఫ్ట్‌లను లాక్ చేసే టూల్ కావాలి, ప్లగ్గుల రంధ్రాల్లోంచి నాలుగు పిస్టన్లనూ ఒకే ఎత్తుకి తెచ్చే టూల్ కావాలి. "టూల్ ఉందా, చూపించండి" అని ముందే అడగండి. అడిగినందుకు విసుక్కునే చోట బండి ఇవ్వకండి. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు చెమ్మగిల్లి ఉంటే అప్పుడే మార్పించండి, నూనె తగిలిన బెల్ట్ ఎక్కువ కాలం బతకదు. పని అయ్యాక తాళం తిప్పకముందే చేత్తో ఇంజన్‌ని రెండు చుట్లు తిప్పి టైమింగ్ మళ్లీ చూడమనండి. మంచి మేస్త్రి మనం చెప్పకుండానే చేస్తాడు.

ఇదంతా విని మావాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అలాయ్ వీల్స్‌కి దాచిన డబ్బులున్నాయి అన్నయ్యా" అన్నాడు. "చక్రాలు వచ్చే ఏడాది కొనుక్కోరా" అన్నాను. నిన్న కిట్ వచ్చింది. ఇద్దరం వీడియో కాల్‌లో నంబర్లన్నీ ఒక్కొక్కటే సరిచూసుకున్నాం. రోలర్ చెవి దగ్గర పెట్టుకుని తిప్పి చూడమన్నాను. చప్పుడే లేదన్నాడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మేస్త్రి పని మొదలుపెడతాడు. నేను శనివారం రాత్రి బస్సుకే బయల్దేరుతున్నాను.