బత్తాయి తొక్క, ఎంజైమ్ కత్తెర

నల్గొండ బత్తాయి ఒలిస్తే తొక్క లోపల దూదిలా తెల్లటి పొర కనిపిస్తుంది. జ్యూస్ బండివాళ్లు దాన్ని తొక్కతో సహా బకెట్లో పడేస్తారు. నిమ్మజాతి పండ్లలో ఉండే హెస్పెరిడిన్ అనే పదార్థం దండిగా ఉండేది అందులోనే. చర్మ సంరక్షణకు పనికొస్తుందని క్రీముల కంపెనీలు దాని వెంట పడ్డాయి. చిక్కేమిటంటే, అది నీళ్లలో సరిగా కరగదు. డబ్బాల్లో నిల్వచేసిన కమలా తొనల పాకం తెల్లగా మసకబారేది దీనివల్లే.

జపాన్‌లో ఒకయామాకు చెందిన హయాషిబారా కంపెనీ దీనికి చక్కెర తగిలించింది. పిండిపదార్థంతో కలిపి బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్‌కు అప్పగిస్తే, అది పిండిలోని గ్లూకోజును తెంపి హెస్పెరిడిన్‌కు అతికిస్తుంది. దాంతో ఆ మొండి పొడి నీళ్లలో ఇట్టే కరుగుతుంది.

కానీ కరగడం వేరు, చర్మంలోకి దిగడం వేరు. చర్మం పైపొర జిడ్డుమయం. చక్కెర మోస్తున్న బరువైన అణువు దాన్ని దాటడం కష్టం. అందుకే కొరియాలో మందుగా వాడే జిన్‌సెంగ్ వేరు విషయంలో పని తిరగబడింది. ఆ వేరులోని ఆర్‌బీ1 అనే పదార్థానికి నాలుగు చక్కెరలుంటాయి. ఎంజైమ్‌తో మూడు కత్తిరిస్తే మిగిలేది కాంపౌండ్ కె. కొరియా సౌందర్య పరిశ్రమ మెచ్చేది దీన్నే. ఒకచోట అతికింపు, ఇంకోచోట కత్తిరింపు. రెండిటికీ సీసా మీద అచ్చయ్యేది అదే ఆకు బొమ్మ, అదే 'సహజం' ముద్ర!

ఆ ముద్రను నేనైతే పట్టించుకోను. బేర్‌బెర్రీ అనే పొద ఆకుల్లో ఉండేది బీటా ఆర్బుటిన్, చర్మపు నలుపును తగ్గించడానికి వాడే పదార్థం. సీరమ్‌లలో పేరుమోసిన ఆల్ఫా ఆర్బుటిన్‌ను మాత్రం హైడ్రోక్వినోన్ అనే రసాయనానికి ఎంజైమ్‌తో గ్లూకోజు అతికించి చేస్తారు. ఆ హైడ్రోక్వినోన్ సాధారణంగా పెట్రోరసాయనాల నుంచి వచ్చే సరుకే. అలాగని అది చెడ్డదని కాదు, ఆకుతో దానికి చుట్టరికం లేదంతే.

యూరప్ నిబంధనలు ఈ పుట్టుపూర్వోత్తరాల జోలికి పోలేదు. చర్మం మీద ఆ గ్లూకోజు ఊడిపోతే చర్మానికి హాని చేయగల హైడ్రోక్వినోన్ బయటపడుతుంది కదా, అసలు భయం అది. అందుకే ఆల్ఫా ఆర్బుటిన్ ముఖానికి రాసే క్రీముల్లో 2 శాతం, ఒంటికి రాసే లోషన్లలో 0.5 శాతం మించకూడదన్నారు. మన దుకాణాల్లో సీసా చేతికి తీసుకున్నప్పుడు వెతకాల్సింది ఆ అంకెనే. ఆకు బొమ్మ పక్కన దానికి చోటివ్వని సీసాలు ఇంకా చాలానే ఉన్నాయి.