మనోభావాలు ఎవరివైతే కేసు అవుతుంది?

ప్రవక్త మీద అప్పటి బీజేపీ ఎమ్మెల్యే రాజా సింగ్ 2022లో పెట్టిన వీడియో గురించి అడిగితే "భావ ప్రకటనా స్వేచ్ఛ" అంటాడు ఒకాయన. కమెడియన్ మునావర్ ఫారుఖీ షో హైదరాబాద్‌లో జరగకూడదని తెగ షేర్లు కొట్టింది కూడా ఆయనే. ఇంకొకాయన ఫారుఖీ కోసం పేజీలు పేజీలు రాస్తాడు, బంగ్లాదేశ్ రచయిత్రి తస్లీమా నస్రీన్ పేరెత్తితే మాత్రం నోరు పెగలదు. 2007 ఆగస్టులో మన ప్రెస్ క్లబ్‌లోనే, తన పుస్తకం తెలుగు అనువాదం ఆవిష్కరణకు వచ్చిన ఆవిడ మీద మజ్లిస్ ఎమ్మెల్యేలు మనుషుల్ని వేసుకొచ్చి దాడి చేశారు, పైగా ఆవిడ మీదే కేసు పెట్టించారు. అప్పుడెవరి మనోభావాల గురించి మాట్లాడాం?

మత మనోభావాలు కావాలని గాయపరిస్తే నేరం అనే ఈ చట్టం పుట్టుకే చూడండి. ప్రవక్త మీద లాహోర్‌లో ఒక పుస్తకం వేసిన రాజ్‌పాల్‌ను కోర్టు వదిలేస్తే గొడవలయ్యాయి, దాంతో బ్రిటిష్ వాళ్లు 1927లో శిక్షాస్మృతిలో (ఐపీసీ) 295ఏ సెక్షన్ తెచ్చారు. 1929లో రాజ్‌పాల్‌ని పొడిచి చంపేశారు, చట్టం ఆపిందేమీ లేదు. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 299 అయింది, నంబరు మారిందంతే. అసలు మెలిక వేరే ఉంది: ఈ కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. అంటే ఎవరి మనసు నొచ్చుకుంటే లెక్కలోకి వస్తుందో అధికారంలో ఉన్నవాళ్లే తేలుస్తారు.

ఫలితం మన కళ్ల ముందే ఉంది. 2021 జనవరి 1న ఇండోర్‌లో ఫారుఖీని పట్టుకెళ్లారు, దేవుళ్ల మీద ఆ రోజు జోకు వేసినట్టు వీడియో ఏదీ లేదని పోలీసులే అన్నారు, అయినా సుప్రీంకోర్టు బెయిలిచ్చేదాకా నెలకు పైగా జైల్లోనే. మజ్లిస్ ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ 2012లో నిర్మల్‌లో మాట్లాడిన మాటల కేసు 2022 ఏప్రిల్‌దాకా సాగి కొట్టేశారు, ఈలోపు ఆయన 2014లో, 2018లో గెలిచాడు, తర్వాత 2023లోనూ గెలిచాడు. రాజా సింగ్‌ని 2022లో పీడీ యాక్టు (ముందస్తు నిర్బంధ చట్టం) కింద లోపల వేస్తే హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, పార్టీ సస్పెన్షన్ ఎత్తేసి మళ్లీ టికెట్టిచ్చింది, గోషామహల్‌లో మళ్లీ గెలిచాడు. నా కంటికి అక్బరుద్దీన్, రాజా సింగ్ ఇద్దరూ ఒకరికొకరు ఫ్రీగా ప్రచారం చేసుకునే పార్ట్‌నర్లు.

నష్టం ఎవరికంటే, లాడ్‌బజార్‌లో లక్కగాజుల కొట్టున్న మా స్నేహితుడికి. 2022 ఆగస్టులో రాజా సింగ్ వీడియో మీద గొడవలైన ఆ వారమంతా షట్టర్ సగం దించి, దాని కింద స్టూలేసుకుని కూర్చున్నాడట, సరిగ్గా బోణీ కూడా లేదు. శ్రావణమాసం, పెళ్లిళ్ల కాలం, సికింద్రాబాద్ నుంచి గాజులకొచ్చే హిందూ ఆడవాళ్లే వాడికి పెద్ద బేరం.

నా మాట సూటిగా చెప్తా. నీ దేవుడు అబద్ధం అనడం, నీ ప్రవక్తను, నా రాముణ్ని ఎగతాళి చేయడం నేరం కాకూడదు, ఎంత మంట పుట్టినా సరే. నీ వీధిలోకి వచ్చి నిన్ను కొడతాం అనడం మాత్రం నేరమే, అది పదేళ్లు కాదు, ఏడాదిలో తేలాలి. మన దగ్గర సరిగ్గా తలకిందులుగా నడుస్తోంది.

"ముందు వాళ్లనడుగు" అని కామెంట్ పెట్టబోయేవాళ్లు, పైన చెప్పినవాళ్లలో మీకు అస్సలు గిట్టని ఒకరి మాట్లాడే హక్కు కోసం ముందు ఒక్క వాక్యం రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.