కార్డు బకాయికి బేరమాడాల్సింది వాయిదా తప్పకముందే

విశాఖ ఉక్కు కర్మాగారంలో 2024లో జీతాలు విడతల వారీగా అందిన నెలలు గాజువాక, కూర్మన్నపాలెం వాసులకు ఇంకా గుర్తుండే ఉంటాయి. జీతం ఆగినంత మాత్రాన బడి ఫీజు ఆగదు, ఇంటి అద్దె ఆగదు. అలాంటి వేళ చేతికందే మొదటి అప్పు క్రెడిట్ కార్డు. అతి ఖరీదైన అప్పుల్లో ఒకటి కూడా అదే. బిల్లు మొత్తం కట్టలేని వారు సాధారణంగా ‘మినిమమ్ డ్యూ’, అంటే బిల్లులో చూపే కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

లక్షన్నర రూపాయల బకాయి ఉందనుకుందాం. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 5,250 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 945 రూపాయలు. కనీస మొత్తం 5 శాతం అనుకుంటే కట్టేది 7,500 రూపాయలు. అందులో అసలుకు చేరేది 1,305 రూపాయలే. ఇదే బకాయిని 18 శాతం వార్షిక వడ్డీతో 36 నెలల ఈఎంఐగా మార్పిస్తే వాయిదా సుమారు 5,420 రూపాయలు, జీఎస్టీ కలిపినా మొదటి నెల 5,830 లోపే. నెలవారీ భారం తగ్గుతుంది, అప్పు మూడేళ్లలో తీరుతుంది. ప్రాసెసింగ్ ఫీజు పోయినా, కొంతకాలం కార్డు వాడనివ్వకపోయినా ఇది నష్టపు బేరం కాదు. కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లుల మీద హెచ్చరించాలని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. ఆ చిన్న అక్షరాలను ఎందరు చదువుతారన్నది వేరే సంగతి.

అయితే ఈ వెసులుబాటు చాలావరకు వాయిదా తప్పని ఖాతాలకే దక్కుతుంది. కనుక జీతం ఆగిందని తెలిసిన వారంలోనే, గడువు తేదీకి ముందే, నెలకు ఎంత కట్టగలరో లెక్క వేసుకుని బ్యాంకుకు ఫోన్ చేయాలి. ఆ వెంటనే అదే విషయాన్ని జీతం ఆగిన ఆధారంతో ఈమెయిల్‌లో పంపాలి. పరువు పోతుందన్న సంకోచం ఇక్కడ చాలా ఖరీదు పడుతుంది.

నా అభ్యంతరం వ్యవస్థ మీద. కనీస మొత్తమైనా కట్టకుండా 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తి, అంటే మొండి బకాయి అవుతుంది. అసలులోనే కోత పెట్టే సెటిల్‌మెంట్ మాట సాధారణంగా ఆ తర్వాతే వినిపిస్తుంది. రాజీ పరిష్కారాలకు బోర్డు ఆమోదించిన విధానం ఉండాలని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. కానీ ఇంకా ఎగవేయకుండా, కష్టం వచ్చిందని ముందుగా చెప్పుకున్న కార్డుదారుకు వడ్డీ తగ్గించి తీరాలన్న నిబంధన లేదు. నిజాయితీగా అడిగిన వాడికి ఈఎంఐ, ఎగ్గొట్టిన వాడికి రాయితీ అన్నట్లుంది ఈ ఏర్పాటు. దీన్ని సరిదిద్దాల్సింది రిజర్వు బ్యాంకే.

అలాగని ఆ రాయితీ కోసం కావాలని వాయిదాలు ఎగ్గొట్టడం తెలివైన పని కాదు. మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ‘క్లోజ్డ్’ (పూర్తిగా తీరింది) అనాల్సిన చోట ‘సెటిల్డ్’ (కోతతో తేల్చుకున్నారు) అని పడితే, ఏళ్ల తర్వాత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు కూడా అది అడ్డు తగులుతుంది. వేరే దారి లేక సెటిల్‌మెంట్‌కు ఒప్పుకున్నా, మొత్తం, గడువు, మిగతా బకాయి మాఫీ స్పష్టంగా రాసిన లేఖ బ్యాంకు నుంచి చేతికి రాకుండా ఒక్క రూపాయి కట్టకూడదు. రికవరీ ఏజెంటు వాట్సాప్‌లో పెట్టిన హామీ లెక్కలోకి రాదు. ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తర్వాత ఏజెంట్లు ఫోన్లు చేయరాదు. చేస్తే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

వివాదాలను రాజీతో తేల్చే లోక్ అదాలత్ నుంచి నోటీసు వస్తే చాలామంది కేసు పడిందని బెదిరిపోతారు. కోర్టుకు వెళ్లకముందే రాజీకి పిలిచే నోటీసులే వాటిలో ఎక్కువ. విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆధ్వర్యంలో జరిగే అదాలత్‌లో బ్యాంకు ప్రతినిధితో ఎదురుగా కూర్చుని వాయిదాలు అడగవచ్చు, నచ్చకపోతే ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఒకసారి సంతకం చేశాక ఆ రాజీ తీర్పు(అవార్డు)కు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. కాబట్టి జీతం మళ్లీ ఆలస్యమైనా కట్టగలిగినంత వాయిదాకే అక్కడ ఒప్పుకోవాలి.